ఇరవై గజాల ఒట్టు

సెప్టెంబర్ 4, గురువారం

ఈ ఏడాది విల్లుతో జింకల వేటకి ఒట్టు పెట్టుకున్నాను. ఇరవై గజాల లోపే. జింక పక్కకి తిరిగి నిలబడితేనే. భుజం వెనక, ఊపిరితిత్తుల్లోకే. లేదంటే విల్లు ఎత్తేది లేదు! బాణం మొన కూడా ఒకటే రకం. కదలని బ్లేళ్ళది, నేనే సానపట్టింది. ముంజేతి మీద గీసి చూశాను. వెంట్రుకలు మాయం!

మావయ్య ఎల్రాయ్ పెరట్లో కుర్చీ వేసుకుని నా సాధన చూశారు. మోకాళ్ళ పుణ్యమా అని ఆయన మంచె ఎక్కడం మానేశారు.

"అల్లుడూ, గుండె జోలికి మాత్రం పోకు. అది నాది. ఉల్లిపాయలేసి వెనిగర్లో ఊరబెట్టుకుంటా."

"ఊపిరితిత్తులకే వేస్తా మావయ్యా. మీ గుండె భద్రం."

"నా గుండె సంగతి డాక్టరు చూసుకుంటాడు. నేను చెప్పేది జింకది."

సెప్టెంబర్ 7, ఆదివారం

సాధన మొనలతో వేస్తే అన్నీ ఒకేచోట. అసలు మొన బిగించాను. జానెడు ఎడమకి! మళ్ళీ వేశాను. మళ్ళీ జానెడు. గాలి అయ్యుంటుంది. (ఆకు కదల్లేదు. అయినా గాలే.)

"బాణం ఆనే చోటు కాస్త జరుపు. విల్లు సరిగ్గా లేదు" అన్నారు మావయ్య.

విల్లు బంగారం. మొనదే తప్పు.

సెప్టెంబర్ 10

కొత్త మొనలు కొన్నాను. తగలగానే రెక్కలు విచ్చుకునే రకం! తిన్నగా పోతాయి, రెండంగుళాల కన్నం పెడతాయి. ఒట్టు తప్పానా? లేదే. ఒకటే రకం అన్నాను, ఒకటే వాడతాను. ఈ రకం.

ఒకటి జేబులో విచ్చుకుంది. ప్యాంటు పోయింది.

"అబ్బో, భలే పనిచేస్తోందే! ప్యాంటు ఎన్ని గజాల దూరంలో ఉంది?" అంది మా ఆవిడ డొరీన్.

సెప్టెంబర్ 13, శనివారం. వేట మొదలు!

ఆడజింక. పన్నెండు గజాలు! కానీ ఎదురుగా నిలబడి నన్నే చూస్తోంది. అలా వేస్తే ఎముకకి తగిలి, గాయంతో పారిపోయి, ఎక్కడో నరకయాతన పడుతుంది. వెయ్యలేదు. కాలు తిమ్మిరెక్కింది. తుమ్మాను. వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి చెబితే మావయ్య వెన్ను తట్టారు. నిగ్రహమంటే నాదే!

సెప్టెంబర్ 20

కనిపించినవి రెండు ఉడతలు, ఒక టర్కీ కోడి. అంతే. ఇరవై గజాలంటే మరీ పిసినారితనం. పాతిక చేద్దాం.

సెప్టెంబర్ 27

ముప్ఫై అయినా కొంప మునగదు.

సెప్టెంబర్ 28

కొంప మునిగింది!

పెద్ద మగజింక. కొమ్ములకి ఎనిమిది కొనలు. ముప్ఫై నాలుగు గజాలు. మధ్యలో ఒక సన్న రెమ్మ. అదొక లెక్కా అనుకుని బాణం వదిలాను. రెమ్మ తగలగానే రెక్కలు విచ్చుకున్నాయి. వాటి పని అదే కదా! బాణం పక్కకి తిరిగి, కంచె దాటి, పక్కింటి లవోన్ గారి తోటలో దిగింది. జింక తెల్లతోక ఎత్తి చూపించి పోయింది.

బాణం దిగింది గుమ్మడికాయలోకి. శనివారం గుమ్మడికాయల పోటీకి పెట్టాల్సిన కాయ. దూడంత ఉంది. వేసవంతా ఆవిడ దానికి గొడుగు పట్టింది.

గప్‌చుప్‌గా బాణం లాక్కొచ్చేద్దామా అనిపించింది. మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన కుంటుకుంటూ వచ్చి కన్నంలో వేలు పెట్టి చూశారు.

"రెండు ఊపిరితిత్తులూ పోయాయి. చక్కటి దెబ్బ. పద, ఆవిడకి చెప్దాం."

లవోన్ గారు కాయ చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత అడిగారు.

"వర్లిన్, దీనికి కొమ్ములేమైనా కనిపించాయా?"

"లేదండీ."

"మరి నీకు కళ్ళున్నాయా?"

"తప్పయిపోయిందండీ."

"గింజలు నాకు. మిగతాది నువ్వే మొయ్యి."

పొట్ట చీల్చి శుభ్రం చేశాను. ఈ సీజన్లో నాకు దక్కిన మొదటిది.

అక్టోబర్ 1

గుమ్మడి సూప్. నిన్న గుమ్మడి కేకు. మొన్న గుమ్మడి రొట్టె. ఫ్రీజర్ మూత పడటం లేదు.

అక్టోబర్ 4, శనివారం

పోటీకి ఖాళీ చేతులతో వెళ్ళిన లవోన్ గారిని చూడలేక ఇంటికొచ్చేశాను. విల్లు మావయ్య చేతిలో పెట్టాను. బాణం ఆనే చోటు ఆయన నువ్వుగింజంత జరిపారు. కదలని మొనలతో మూడు బాణాలు వేశాను. మూడూ పిడికిలంత చోట, బొమ్మజింక భుజం వెనకే! ఇంతేనా!

కొత్త ఒట్టు. పదిహేను గజాలు. పక్కకి తిరిగితేనే. మధ్యలో గడ్డిపరక కూడా ఉండకూడదు. రేపటి నుంచే!

"రేపు నన్నూ తీసుకెళ్ళు. మంచె వద్దు, కింద గుడారం వేద్దాం" అన్నారు మావయ్య.

"మీరు గురక పెడతారు కదా?"

"నలభై ఏళ్ళు ఆ అడవిలో గురక పెట్టాను అల్లుడూ. అది వినపడకపోతేనే జింకలకి అనుమానం."