అమ్మమ్మ పిస్తోలుకు రంధ్రాలు

హేజెల్ ఫోర్క్, కెంటకీ
మంగళవారం

తుపాకీ క్లబ్బు కార్యదర్శి స్టిడమ్ గారికి,

శనివారం పిస్తోలు గురి పోటీకి మా అమ్మమ్మ ఆర్ఫా పంపిన దరఖాస్తులో ‘పిస్తోలు గొట్టానికి రంధ్రాలున్నాయి’ అన్నచోట టిక్కు పెట్టింది నేనే. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళింది నేనొక్కదాన్నే కాబట్టి కాగితాలన్నీ నా చేతికే వస్తాయి. ఆ టిక్కు చూసి మీరు ఆమెను మామూలు తరగతి నుంచి తీసి, మార్పులు చేయించిన పిస్తోళ్ళవాళ్ళు, మీతో సహా, పోటీపడే ఓపెన్ తరగతిలో వేశారు. ఆరేళ్ళుగా ఆమె గెలుస్తున్న కప్పు ఇక పోయినట్టే.

“అంత చదివావు, ఒక్క గడి ఖాళీగా వదలడం నేర్పలేదుటే?” అని అప్పటినుంచీ దెప్పుతోంది.

ఆ రంధ్రాలు గొప్పకు పెట్టించుకున్నవి కావు. ఆమె మణికట్టుకు కీళ్ళనొప్పులు. కాల్చినప్పుడు వేడిగాలి రంధ్రాల్లోంచి పైకి తన్ని పిస్తోలు మూతిని ఎగరనివ్వదు, రెండో తూటా త్వరగా పడుతుంది. నష్టాలూ ఉన్నాయి. గొట్టం చివర మసి పడుతుంది. ఛాతీకి దగ్గరగా పట్టుకుని కాలిస్తే ఆ గాలి ముఖానికే కొడుతుంది. చప్పుడు మాత్రం పక్కవాళ్ళకే ఎక్కువ. మొన్న సాధనలో మా డోయల్ మామయ్య గురి వదిలేసి చెవులు మూసుకున్నాడు.

ఆమెను పాత తరగతికే మార్చమని అడుగుదామనుకున్నాను. ఇంతలో ఎవరు ఎక్కడ నిలబడాలో మీరు పంపిన జాబితా వచ్చింది, చదివి వినిపించాను.

“స్టిడమ్ పక్కనా నేను? అయితే మార్చొద్దని రాయవే.”

కాబట్టి మార్చకండి. మీరు మాత్రం చెవులకు రెండు వరసల రక్షణ పెట్టుకుని రండి. ఈ మాట రాయొద్దని ఆమె గట్టిగా చెప్పింది.

ఇట్లు,
ఆర్ఫా గారి మనవరాలు