యంత్రానికి బొట్టు పెట్టినందుకు

గోదావరిఖని, ఆయుధ పూజ రోజు, రాత్రి

పొద్దున కాంట్రాక్టరు బొగ్గు యార్డులో లారీలకు, డోజర్లకు పూజ చేసి, కొత్తగా తెచ్చిన కాపలా రోబోకు కూడా చేశాను. దానికి రబ్బరు గుండ్ల తుపాకీ ఉంది. ఎవరూ చెప్పనక్కర్లేదట, మనిషిని చూసి తనే నిర్ణయించుకుని కాలుస్తుందట. అలవాటు కొద్దీ నుదురనుకుని దాని కెమెరా మీద కుంకుమ పెట్టాను.

మధ్యాహ్నం అది యార్డు ఊడ్చే రాజవ్వను కాల్చింది. మోకాలు చితికింది.

సూపర్‌వైజర్ నన్ను పిలిపించి కాగితం ముందు పెట్టాడు. "పంతులూ, దాని కండ్లల్ల కుంకుమ కొట్టింది నువ్వే. తప్పు నాదే అని సంతకం పెట్టు."

"కండ్లు కనవడకుంటే ఆగాలె గని కాలుస్తదా సారూ? కాల్చుమన్నది ఎవరు?"

"ఎవ్వరు అనలే. అదే కాల్చింది."

అక్కడి నుంచి దవాఖానకు వెళ్లాను. రాజవ్వ నా మీద కోపం కూడా తెచ్చుకోలేదు. "రోజూ దానికి దూరంగ తిరిగి పోయేదాన్ని అయ్యా. నువ్వు బొట్టు పెట్టినంక ఇగ ఫికర్ లేదనుకొని ముంగట నుంచే పోయిన" అంది.

ఇంటికొచ్చి గ్రంథాలన్నీ తిరగేశాను. ఆయుధం ఎత్తినవాడి పాపం గురించి గంటల తరబడి మైకులో అరిచినవాణ్ణి. ఎత్తిన చెయ్యే లేకపోతే ఆ పాపం ఎవరికి చుట్టాలి? వీళ్లకు ఒక చెయ్యి కావాలి, నాది దొరికింది.

సంతకం పెట్టను. రాజవ్వ మళ్లీ డ్యూటీకి వచ్చేలోపు ఆ తుపాకీ ఊడదీయించాలి. రేపు పొద్దున వెళ్లి దాని ఎదురుగా కూర్చుంటాను. అప్పుడైనా దాన్ని ఆపడానికి ఒక మనిషి బయటికి రావాలి.