పై పన్ను కదులుతోంది

చెల్లాయికి, నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు. ఈ కార్డు మాత్రం అమ్మకు చదివి వినిపించకు.

శాక్సఫోన్ ఊదేటప్పుడు పై పళ్ళు దాని మూతి మీద ఆనాలి. నా ముందరి పన్ను కదులుతోంది. నిన్న క్లాసులో బుగ్గలు ఉబ్బించకుండా ఒకే స్వరం సాగదీసి చూపిస్తుంటే, నొప్పికి పట్టు సడలి పీక నొక్కిన కోడిలా కూసింది.

"మాస్టారూ, మాకూ అచ్చం అలాగే వస్తోందండీ!" అని పిల్లలు నవ్వారు. సరిగ్గా అప్పుడే మా స్కూలు పెద్ద మేడమ్ గుమ్మంలోకి వచ్చారు.

"అది తప్పు పద్ధతి, కావాలనే చూపించాను. ఇప్పుడు రెండు పెదవులూ పళ్ళ మీదికి మడిచి ఊదండి" అన్నాను. మూతిని పళ్ళతో కొరకడం ఆగేసరికి పిల్లల స్వరం నిలబడింది.

"ఎవరి పద్ధతండీ ఇది?" అన్నారు మేడమ్.

"మా నాన్నగారిదండీ."

"అయితే నెలాఖరు కచేరీలో మీరే వాయించి చూపించండి. మీ ఉద్యోగం ఖాయం చేసేవాళ్ళూ వస్తారు."

నాకేమో ఆ పద్ధతి రాదు. పై స్వరాలకు పోతే పెదవి తెగుతోంది. నాన్న పళ్ళు కదిలాక కూడా పెళ్ళిళ్ళలో క్లారినెట్ అలాగే వాయించాడు కదా. అడిగితే కసురుకుంటాడు. క్లారినెట్ తుడిచి చేతిలో పెట్టు, తనే ఊదుతాడు. పై స్వరం దగ్గర పెదవి ఎంత మడుస్తాడో చూసి వెంటనే రాయి.

వంటింటి కప్పు కారడం ఆగిందా? బావ మోకాలు ఎలా ఉంది? అమ్మకు నమస్కారాలు, పాపకు దీవెనలు.

నాన్నకు పన్ను సంగతి చెప్పకు. తన పద్ధతి ఇక్కడ పిల్లలకు నేర్పుతున్నానని మాత్రం చెప్పు.

అన్నయ్య