కవరు వెనక చిరునామా

శుక్రవారం, మధ్యాహ్నం
ఆఫీసులో నా బల్ల దగ్గర

నాన్నగారికి,

మీ రెండో కూతురు నమస్కారాలు పెట్టి, కాలు ఒకచోట నిలవక రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ క్షేమం. మీరూ, అక్కా, బావా, పిల్లలూ అక్కడ క్షేమమని తలుస్తాను. కుశల ప్రశ్నలయ్యాక ఒక వరుస వదిలి అసలు విషయం మొదలుపెట్టమని మీరు నేర్పారు. ఇవాళ అంత ఓపిక లేదు నాన్నా. దొరికింది! రెండు నెలలుగా మా అందరి ప్రాణాలు తోడేస్తున్న దొంగ నిన్న పొద్దున పదకొండింటికి నా చేతికి చిక్కాడు! నేను వేసిన కేకకి పక్క గదిలో మీటింగ్ ఆగిపోయిందట.

మీ ఉత్తరం బుధవారం సాయంత్రం అందింది. దాని మీద మీరు వేసిన తేదీ చూస్తే మధ్యలో మూడు వారాలున్నాయి. ఎందుకో చెప్తాను, కానీ వరసలో చెప్పనివ్వండి. మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు.

మొదటిది, దగ్గు. తగ్గింది. ఆవిరి నాలుగు రోజులు పట్టి ఐదో రోజు బద్ధకించాను, అయినా తగ్గింది. వేళకే తింటున్నాను. ఈ వారం సంగతి మాత్రం అడక్కండి.

రెండోది. "మీ అక్కనడిగితే కంప్యూటర్ పని అంటుంది. ఈ రోజుల్లో కంప్యూటర్ పని కానిదేది? నువ్వు చేసేదేమిటో మా హాలు వాళ్లకి ఒక్క ముక్కలో ఎలా చెప్పను?" అని రాశారు. ముప్పై రెండేళ్లు సార్టింగ్ హాల్లో నిలబడి ఉత్తరాలు గళ్లలో వేసిన మనిషికి ఒక్క ముక్క చాలు. మీ అమ్మాయి కూడా సార్టింగ్ హాల్లోనే పని చేస్తోందని చెప్పండి. నవ్వకండి, నిజం.

కంప్యూటర్‌లో జ్ఞాపకం అనేది ఒక ఊరు అనుకోండి. లక్షల ఇళ్లు. ఏ ప్రోగ్రాముకి ఏ ఇల్లు ఇచ్చారో ఒక పెద్ద పుస్తకంలో రాసి ఉంటుంది. ఉత్తరాలు పంచేది ప్రాసెసర్లు. మా యంత్రంలో అరవై నాలుగున్నాయి, అంటే అరవై నలుగురు పోస్టుమాన్లు. ప్రతి ఉత్తరానికీ పెద్ద పుస్తకం తిరగేస్తే తెల్లారుతుంది కాబట్టి, ఒక్కొక్కరూ తరచూ వెళ్లే ఇళ్లని ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటారు. మావాళ్లు దాన్ని టీఎల్‌బీ అంటారు. మీరు జేబు చీటీ అనండి, అదే బావుంది.

చిక్కంతా ఇల్లు ఖాళీ అయినప్పుడే. పుస్తకంలో కొట్టేస్తే చాలదు, అరవై నాలుగు జేబుల్లోనూ కొట్టేయాలి. పూర్వం ఒక్క ఇల్లు ఖాళీ అయితే గంట కొట్టేవాళ్లం. అందరూ సంచులు దించి, చీటీలు తీసి, ఆ ఒక్క పేరూ కొట్టేసి మళ్లీ బయల్దేరేవాళ్లు. రోజుకి లక్షసార్లు గంట కొడితే ఉత్తరాలు పంచేదెప్పుడు? అందుకని వాయిదా పద్ధతి పెట్టుకున్నాం. ఖాళీ అయిన ఇళ్లని బోర్డు మీద రాస్తూ పోతాం. వంద పోగయ్యాక ఒకే గంట. ఒకే ఒక్క షరతు: ఆ గంట మోగి, అందరూ చీటీలు సరిచేసుకునేదాకా, బోర్డు మీదున్న ఇల్లు కొత్తవాళ్లకి ఇవ్వకూడదు. ఇచ్చామా, కొంప మునిగినట్టే. ఒకరి ఉత్తరం ఇంకొకరి ఇంట్లో పడుతుంది.

ఈ గంటలూ బోర్డులూ పుస్తకాలూ చూసుకునే హాలుని కెర్నల్ అంటారు. అందులో నేను గుమాస్తాని. చెప్పానా, ఒక్క ముక్క!

ఇప్పుడు దొంగ కథ వినండి. రెండు నెలల నుంచి మా యంత్రాల్లో మూడు నాలుగు రోజులకోసారి ఒకరి ఫైలులో ఇంకొకరి ముక్క కనిపిస్తోంది. ఒక ఆసుపత్రిలో ఒకాయన రక్త పరీక్ష మధ్యలో ఎవరిదో ఇంటి పన్ను రసీదు తేలింది. నవ్వొస్తుంది గానీ, ఆ కాగితం పట్టుకుని డాక్టరు మందు రాస్తే? నింద డిస్కు విభాగం మీద పడింది. అక్కడ మా డిస్కాయన ఉన్నాడు, యాభై దాటాయి, సొంత ఫ్లాస్కు వెంట తెచ్చుకుంటాడు, గట్టిగా మాట్లాడడు. ఆయన కేబుళ్లు మార్చాడు, డిస్కులు మార్చాడు, వారం వారం మీటింగ్‌లో తల దించుకుని నిలబడ్డాడు. పోయిన సోమవారం మా మేనేజరు మేడమ్ అందరి ముందూ అనేసింది: "ఈ నెలాఖరులోగా తేలకపోతే మీ విభాగం వేరేవాళ్లకి అప్పగిస్తా." ఆయన "అలాగేనమ్మా" అన్నాడు, అంతే. నాకు అన్నం సహించలేదు.

మరి ఎలా దొరికిందీ అంటే, మీ మూడో ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఇక్కడ పెన్ను మొరాయిస్తోంది.

"పోస్టు డబ్బా ఎలా ఉంది? వానకి తలుపు బిగుసుకుంటోందా?" అని అడిగారు. నాన్నా, ఆ డబ్బా దగ్గర నేను లేను. ఆ ఇల్లు ఖాళీ చేసి నాలుగు నెలలైంది.

మీరు స్టూలు మీద నిలబడి, సన్న బ్రష్షుతో ఒక మధ్యాహ్నమంతా ఆ డబ్బా మీద నా పేరూ ఇంటి నంబరూ రాశారు. ఒక అంకె వంకరగా వచ్చిందని తుడిచి మళ్లీ రాశారు. ఆఫీసుకి దగ్గరని వేరే ఇంటికి మారేటప్పుడు ఆ అంకె గుర్తొచ్చి నోరు పెగల్లేదు. ఇల్లు సర్దుకున్నాక చెబుదాం, ప్రమోషన్ వచ్చాక రెండూ కలిపి ఒకేసారి చెబుదాం అనుకుంటూ పోగుచేశాను. పోస్టాఫీసులో చిరునామా మార్పు కాగితం ఇచ్చాను కదా, మీ ఉత్తరాలు ఎలాగూ కొత్తింటికే వస్తున్నాయి, ఎవరికీ నష్టం లేదనుకున్నాను. పైగా ప్రతి కవరు వెనకా పాత చిరునామాయే రాశాను. సార్టరు కూతుర్ని, నాలుగు నెలలు కవరు వెనక అబద్ధం రాశాను. ఇంతకన్నా చెప్పడానికి మొహం చెల్లడం లేదు.

బుధవారం సాయంత్రం చెప్పు తెగింది. చెప్పులు కుట్టే ఆయన ఆ పాత వీధిలోనే ఉంటాడు. చెప్పు ఇచ్చి, ఒంటి కాలి మీద నిలబడి ఉంటే, ఆయన నన్ను గుర్తుపట్టి కొత్తిల్లెలా ఉందని గట్టిగా పలకరించాడు. అది విని, పాత ఇంట్లోకి వచ్చిన పళ్ల డాక్టరమ్మ బాల్కనీలోంచి చూసింది.

"డబ్బా మీద పేరున్న అమ్మాయి మీరేనా? ఒక్క నిమిషం పైకి రండి, మీదొకటి నా దగ్గరుంది!"

ఒక చెప్పుతోనే మూడంతస్తులు ఎక్కాను. తాళాల గిన్నెలోంచి తీసి ఇచ్చింది. మీ ఉత్తరం! దస్తూరీ మీదే.

"ఇదిక్కడికెలా వచ్చిందండీ? మిగతావన్నీ కొత్తింటికే వచ్చాయే!"

"మా పోస్టాయన చేసిన పనే. కాలు విరిగి ఐదు నెలలు సెలవులో ఉన్నాడుగా. తిరిగొచ్చిన రోజు బోర్డు మీద ఇళ్లు మారినవాళ్ల జాబితా చూడకుండానే సంచి ఎత్తుకున్నాడట. ఈ వీధి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు కదా అనుకున్నాడట పాపం! తిరిగి ఇచ్చేద్దామనుకుని నేనూ మర్చిపోయా. ఏమీ అనుకోకండి."

అనుకోవడమా! నేను ఆవిడని పట్టుకుని ఊపేశాను. "ఇంకోసారి చెప్పండి! సెలవు నుంచి వచ్చినాయన బోర్డు చూడలేదా?" ఆవిడ నా పళ్లు చూసింది, వృత్తి ధర్మం కాబోలు, తర్వాత మంచినీళ్లు తెచ్చింది.

ఎందుకంటే నాన్నా, మా అరవై నలుగురిలో పని లేనివాళ్లు నిద్రపోతారు. నిద్రపోతున్నవాణ్ణి గంట కొట్టి లేపడం దండగ. వాడు లేచాక బోర్డు చూసుకుని, చీటీ సరిచేసుకుని, అప్పుడు సంచి ఎత్తుకుంటాడు. అదీ మా ఏర్పాటు. పెద్ద గుమ్మంలోంచి వచ్చేవాడు తప్పకుండా బోర్డు చూసే వస్తాడు. కానీ ఒక పక్క తలుపుంది. చిటికెలో అయ్యే చిన్న పని పడితే ఆ తలుపులోంచి లేచి వచ్చి, పని చూసి, మళ్లీ పడుకుంటాడు. అక్కడ బోర్డు లేదు!

ఆ రాత్రంతా మెలకువే అని రాస్తే తిడతారు, కాబట్టి హాయిగా నిద్రపోయానని రాస్తున్నాను. గురువారం పొద్దున్నే డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు చెప్పులతో ఆఫీసుకొచ్చి ఒక పరీక్ష రాశాను. ఒకణ్ణి నిద్రపుచ్చు, ఇల్లు ఖాళీ చేయించు, కొత్తవాళ్లకి ఇవ్వు, పక్క తలుపులోంచి లేపు. మళ్లీ మళ్లీ అదే. మూడు రోజులకోసారి దొరికే దొంగ పదకొండు నిమిషాల్లో దొరికాడు! కేక వేసింది అప్పుడే.

కేక సగంలో ఉండగా ఇంకోటి కనిపించింది. ప్రోగ్రాములో ఏ వరుస ఎవరు రాశారో మా దగ్గర పేరుతో సహా ఉంటుంది. ఆ పక్క తలుపు దగ్గర నా పేరుంది. ఏడు నెలల కిందట నేనే, "చిటికెలో వెళ్లిపోయేవాడికి బోర్డెందుకు, టైము దండగ" అని అక్కడున్న బోర్డు తీసేశాను. యంత్రం వేగం పెరిగిందని నాకు గాజు పలక బహుమానం ఇచ్చారు. మీకు ఫోటో పంపాను, గుర్తుందా? మీరు హాల్లో అందరికీ చూపించారట. అదే పని ఇది. ఆసుపత్రుల్లాంటి బయటి యంత్రాలకి ఆ మార్పు చేరింది మాత్రం రెండు నెలల కిందటే.

ఒక్క క్షణం, నిజం చెప్తున్నా, తప్పు పేరు చెప్పకుండా సరిచేసేద్దామా అనిపించింది. నాలుగు వరుసల పని. ఎవరూ అడగరు. అప్పుడు బల్ల మీద మీ కవరు కనపడింది.

మీటింగ్ గదిలోకి వెళ్లి నిలబడి చెప్పేశాను. "డిస్కులు బానే ఉన్నాయి. తప్పు నాది." మేడమ్ కళ్లజోడు తీసింది. డిస్కాయన ఫ్లాస్కు మూత తీసి, అందులో టీ పోసి, నా ముందుకు జరిపాడు.

"రెండు నెలలుగా నా డిస్కుల్ని నేనే నమ్మలేకపోయానమ్మా. ముందు ఇది తాగు, పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేవు."

తాగుతూ ఏడ్చేశాను, సిగ్గు లేకుండా. మేడమ్ ఆయన వైపు తిరిగి "నాదే పొరపాటు, అందరి ముందూ అన్నాను, అందరి ముందే చెప్తున్నా" అంది. తర్వాత నాతో "ఆ పలక వెనక్కివ్వక్కర్లేదు గానీ, మొహం గోడకి తిప్పి పెట్టుకో" అంది. పెట్టుకున్నాను. ప్రమోషన్ మాట ఇప్పట్లో ఎవరూ ఎత్తరు, నేను కూడా ఎత్తను. పక్క తలుపు దగ్గర మళ్లీ బోర్డు పెట్టాం. నిన్న మధ్యాహ్నం నుంచి, అంటే ఇరవై నాలుగు గంటలుగా, పరీక్ష నడుస్తూనే ఉంది. ఒక్క ఉత్తరం కూడా తప్పిపోలేదు నాన్నా! ఈ ఉత్తరం రాస్తూ మధ్యమధ్యలో తెర వైపు చూసి నాలో నేనే నవ్వుకుంటున్నాను.

ఇందాక మీ పాత ఉత్తరాలన్నీ తీసి చూశాను. నాలుగింటిలోనూ డబ్బా ఎలా ఉందని అడిగారు. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. ముద్ర చూసి అది ఏ పోస్టాఫీసుదో చెప్పే మనిషి, నా కవరు మీద వేరే పోస్టాఫీసు ముద్ర చూడకుండా ఉంటారా? మొదటిరోజే తెలిసిపోయుంటుంది మీకు. అయినా అడిగెయ్యకుండా, నేనే చెప్పాలని డబ్బా తలుపు పేరు పెట్టి నాలుగుసార్లు దారి ఇచ్చారు. మీ రెండోది మొద్దు నాన్నా.

ఇక నాలుగోది. సార్టింగ్ హాలు మూసేస్తున్నారనీ, ఆఖరి సార్టింగ్ మీ చేత చేయిస్తున్నారనీ రాశారు. మీరు వేసిన తేదీ ఇవాళ్టి లెక్కలో వచ్చే ఆదివారం కాక పై ఆదివారం. ఇంటి నుంచి ఒక్కరికే చోటు, నువ్వొచ్చి చిన్నప్పటిలా చిరునామాలు చదివి పెడతావా అని అడిగారు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే రాలేవనుకుని, ఆ చోటు మరొకరికి ఇస్తానన్నారు. ఆ గడువు వారం కిందటే దాటిపోయింది. అక్కకి ఫోన్ చేసి చెప్పించవచ్చు. కానీ రాసి అడిగినదానికి నోటితో జవాబు చెబితే మీకు పట్టదని తెలుసు. అందుకే రాస్తున్నాను, ఇది సోమవారం మీ చేతికొస్తుంది.

వస్తున్నాను నాన్నా. సెలవు అడిగాను, ఇచ్చారు, టికెట్టు నా సంచిలో ఉంది. దానికి ముందురోజు, శనివారం పొద్దున బండి దిగుతాను. నా చోటు ఇంకా ఖాళీగా ఉంటే ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే తిరిగి అడక్కండి, వాళ్లని కూర్చోనివ్వండి. నేను చిన్నప్పటిలాగే మీ బల్ల కింద కూర్చుంటాను. కాళ్లు మడిస్తే ఇప్పటికీ పడతాను, ఇప్పుడే ఇక్కడ నా బల్ల కింద దూరి చూశాను. మేడమ్ చూసింది కూడా. చిరునామాలు అక్కడి నుంచే గట్టిగా చదువుతాను.

కవరు వెనక చూడండి. మీరు దీన్ని విప్పకముందే అది చూసి ఉంటారని తెలుసు, అయినా ఇంకోసారి చూడండి. కొత్త ఇంటి ముందు డబ్బా ఉంది. దాని మీద ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు. వెనక్కి వచ్చేటప్పుడు మిమ్మల్నీ, ఆ సన్న బ్రష్షునీ వెంటబెట్టుకొస్తాను.

ఇట్లు,
ఈసారి సరైన చిరునామాతో,
మీ చిన్న కూతురు