బూట్లు విప్పి చూసిన ఇల్లు

అమ్మా, వందనాలు. ఇక్కడ మేం క్షేమం.

లండన్ దగ్గర రీడింగ్ ఊళ్ళో కొందామనుకున్న ఇంటిని నిన్న మళ్ళీ చూశాం. అలవాటు కొద్దీ గుమ్మంలోనే బూట్లు విప్పాను. కింద హాలు వెచ్చగా ఉంది. మేడ మీద గదిలో అడుగుపెట్టగానే పాదాలు జివ్వుమన్నాయి. గది వెచ్చబెట్టాల్సిన గోడ రేడియేటరు తాకితే మంచుగడ్డే. ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్‌కి సర్వీసు కాగితాలేవని అడిగితే ఏజెంటు తర్వాత పంపిస్తానంటూ మెట్లు దిగిపోయాడు.

"ఇల్లు చెయ్యిజారిపోద్ది హెప్సీ" అన్నాడు మీ అల్లుడు.

"పోతే పోనీ. ఇంజనీరు చూసేదాకా సంతకం పెట్టను" అన్నాను.

గృహప్రవేశ ప్రార్థనకు తేదీ ఖాయం చేశావట. పాస్టరుగారికి మా వందనాలు చెప్పి ఆపించు. నాన్న షుగరు మాత్రలు వేసుకుంటున్నారా? మందపాటి ఊలు సాక్సులు పార్సిలు చేస్తానన్నావు, ఇల్లు కొనేదాకా పంపకు. అవే తొడుక్కుని ఉంటే నిన్న ఆ ఇంటికి సరేననేసేదాన్ని.

నీ హెప్సి