పెనుకొండ దగ్గర బస్సు ఆపిన రోజు

హిందూపురం,
గురువారం

అక్కయ్యకు తమ్ముడు సూర్యం నమస్కరించి రాసేది. నేను కులాసా. నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారా? అమ్మకు దగ్గు తగ్గిందా? నా గురించి బెంగ వద్దు, వేళకు తింటున్నాను. ఇక్కడ పొద్దున్నే చలి. రాగిసంకటి, చెనిక్కాయల చట్నీ (మన వేరుశనగ పచ్చడే) అలవాటయ్యాయి. మన కోనసీమ యాసకు అంగట్లో నవ్వుతారని మాట్లాడటమే తగ్గించాను.

పోయిన నెల మా ఎక్సైజు జవాన్లను శిక్షణకు హైదరాబాదు పంపారు. ఒక విదేశీ అధికారి వచ్చి, తెరమీద బొమ్మలు వేసి, నల్లమందు ఎక్కడెక్కడ దాస్తారో చూపించాడు. చెప్పుల అట్టల్లో, తలపాగా మడతల్లో, చేతికర్ర లోపల. దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయట, వైద్యానికి తప్ప ఇక అది ఉండకూడదట. ఒకాయన తెలుగులో చెబుతుంటే అంతా రాసుకున్నాను.

నేనుండే గది నాగప్పగారి ఇంట్లోది. ధర్మవరంలో పట్టుచీరలు నేసి ముసలైనవాడు. భార్య పోయింది. సాయంత్రాలు అరుగుమీద నాతో కూర్చునేది ఈ ఊళ్ళో ఆయనొక్కడే.

పదిరోజుల క్రితం పెనుకొండ దగ్గర ధర్మవరం బస్సు ఆపాం. లోపల నాగప్పగారు. చూడనట్టు దాటిపోబోయాను. వెనకనుంచి మా ఇన్‌స్పెక్టరుగారు, "ఆ ముసలాయన్ని ఇడిసిపెడ్తివే? తలగుడ్డ ఇప్పు" అన్నారు.

"ఏమప్పా, నన్ను గూడా ఎతుకుతావా?" అన్నాడాయన.

విప్పాను. మడతలో చింతగింజంత నల్లమందు.

"నలభై ఏండ్లు మగ్గం గుంతలో కూసోని మోకాళ్లు పోగొట్టుకుంటి. నొప్పికి దీన్ని మొన్నటిదంకా సర్కారు అంగట్లోనే కొంటి. ఇప్పుడు యాడో సముద్రం అవతలోళ్లు వద్దంటే నేను దొంగనైతినా?"

బస్సంతా నన్నే చూసింది. నేను ఆ నల్లమందును కాగితంలో చుట్టి ఇన్‌స్పెక్టరుగారి చేతికిచ్చాను.

కోర్టులో వయసు చూసి మందలించి వదిలేశారు. ఆస్పత్రి డాక్టరుగారిని బతిమాలాను. "నొప్పికి మాత్రలిస్తాను, అది మాత్రం రాయలేను" అన్నారు. ఆ మాత్రలు ఆయనకు పనిచేయడం లేదు. గోడ అవతలినుంచి మూలుగు వినబడుతుంది. అరుగుమీదికి రావడం మానేశాడు. మూడోనాడు ఇసుక వేయించి మూటకట్టి తీసుకెళ్లాను. కాపడం పెడితే వద్దనలేదు. కాళ్లు చాపి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రోజూ పెడుతున్నాను. రోజూ అంతే.

రూలు రూలే అక్కయ్యా, నేను తప్పు చేయలేదు. కానీ ఆ విదేశీ ఆయన పాఠంలో మోకాళ్ల నొప్పి సంగతి చెప్పలేదు. నేనూ అడగలేదు.

మన ఊరి వైద్యుడిగారి దగ్గర కీళ్లనొప్పుల తైలం తీసుకుని పార్సిలు పంపు. నాకేమో అని అమ్మ కంగారుపడుతుంది. మా ఇంటి పెద్దాయనకని చెప్పు.

బావగారికి, అమ్మకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెనలు కోరుతూ,

నీ తమ్ముడు
సూర్యం