నీ వలలో చేపలే పంపు

అన్నయ్యా,

నేను కులాసాగానే ఉన్నాను. నా బెంగంతా నువ్వు పంపిన చేపల మీదే. మన రేవు చేపల వంశం వేరని మా ల్యాబులో తేలితేనే పెద్ద మరబోట్లను అటు రానివ్వరు. నిన్న మా మేడమ్ పరీక్ష చూసి, "మీ చేపలూ అవతలి హార్బరు చేపలూ ఒక్కటేనమ్మా, తేడా ఏం లేదు" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెట్టె మళ్లీ తీసి చూస్తే ఒక చేప నోట్లో గాలం ఉంది! మనది వల. గాలం మన ఇంటా వంటా లేదే! చెల్లెలి ఆఫీసుకి చిన్నవి పంపడం నామోషీ అనుకుని, ఆ హార్బరులో పెద్దవి కొని పంపావు కదూ? మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పి చీవాట్లు తిన్నాను. వచ్చే వారం దాకా రిపోర్టు ఆపుతానంది.

ఈ కార్డు అందగానే నీ వలలో పడినవే, బెత్తెడున్నా సరే, ఐసులో పెట్టి బస్సు డ్రైవరు చేతికివ్వు. అమ్మ మోకాలికి పట్టీ వేసుకుంటోందా, బీరువాలో దాచేసిందా? నా గొడుగు వదినని వాడుకోమను. పెద్దవాళ్లకి దండాలు, పిల్లలకి ముద్దులు.

ఈసారి కూడా పరువు చూసుకున్నావంటే, ఇక చూసుకోవడానికి రేవు మిగలదు.

నీ చెల్లెలు